పురుగు నడిచిన దారి

మార్చి 3, సోమవారం. సాయంత్రం

వచ్చి పడ్డాం. రూము బాగానే ఉంది. రెండు మంచాలు, ఒక కిటికీ, కిటికీలోంచి నది. బుక్ చేసింది కోడలు. ఇది మా వాడూ కోడలూ కలిసి వేసిన ఎత్తు. ఇద్దరు వియ్యపురాళ్ళనూ వారం రోజులు ఒకే గదిలో పడేస్తే స్నేహమైనా కుదురుతుంది, లేదంటే ఆశైనా వదులుతుంది అనుకున్నట్టున్నారు.

వదినగారు ముప్పయ్యేళ్ళు కాలేజీలో హిస్టరీ చెప్పింది. నేను ముప్పయ్యెనిమిదేళ్ళు సిటీలో బైండింగ్ షాపులో పుస్తకాలు కుట్టాను. పెళ్ళి మాటలప్పుడు నేనేం చేస్తానని అడిగితే పుస్తకాల పని అన్నాను. రైటరా అని ముచ్చటపడిపోయింది. కాదండీ, కుడతాను అన్నాను. అప్పటినుంచీ నాతో నెమ్మదిగా, విడమరిచి మాట్లాడుతుంది. మంచి మనిషే. అదే బాధ. చెడ్డదైతే హాయిగా పోట్లాడేదాన్ని.

ఈ ఊళ్ళో సోమవారం మ్యూజియంలకు సెలవట. వదినగారు లిస్టు చేత్తో పట్టుకుని దిగాలుగా కూర్చుంది. నేను దుప్పటి కప్పుకుని సంతోషించాను.

మార్చి 4, మంగళవారం. ఉదయం 7

లిస్టులో మూడు ఉన్నాయి. పాత బడి, పాత ఉప్పు గోదాము, పాత వంతెన చౌకీ. తొందరేం లేదు వదినగారూ, తీరిగ్గా చూద్దాం, మీకు బోరు కొడితే చెప్పండి, బెంచీ చూసి కూర్చోబెడతాను అంది. దారిలో వదిలేసి వెళ్ళడానికి నేనేమైనా గొడుగునా?

మధ్యాహ్నం 1

బడి బాగుంది. చిన్న బెంచీలు, సిరాబుడ్లు, గోడకు తగిలించిన బెత్తం. వదినగారు ప్రతి లేబులూ పైకి చదివింది. ఆవిడ గొంతు విని గైడనుకున్నారేమో, ఇంకో కుటుంబం మా వెనకాలే గదులన్నీ తిరిగింది. చివర్లో థాంక్స్ చెప్పి వెళ్ళారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఒప్పుకోవాలి, చెప్పడం బాగా చెప్తుంది.

హాజరు పట్టీ ఒకటి అద్దాల పెట్టెలో ఉంది. దారం మరీ లావు. కాగితం చిరిగింది. అదే అన్నాను. వదినగారు అలాగా అంది, పిల్లలు రాళ్ళు ఏరి తెచ్చి చూపిస్తే పెద్దవాళ్ళు అంటారే, అలా.

గోదాములో త్రాసులు, గుండ్లు, బస్తాలు లాగే కొక్కేలు. అన్నీ ముట్టుకున్నాను. కాపలా ఆయన రెండుసార్లు అదిలించాడు. ముట్టుకోకపోతే ఏం తెలుస్తుంది?

బయట అరుగు మీద కూర్చుని బ్రెడ్డూ అరటిపళ్ళూ తిన్నాం. ఎండ మెత్తగా ఉంది. వస్తువులు మూగవి వదినగారూ, ఎవరో ఒకరు చదివితేనే మాట్లాడతాయి అంది. ఊఁ అన్నాను. మా మేస్త్రి మాట చెబుదామనుకుని మానేశాను. బైండరు చదవకూడదు, కన్ను చదివితే చెయ్యి ఆగుతుంది అనేవాడు ఆయన. నా చేతుల మీదుగా లక్ష పుస్తకాలు పోయి ఉంటాయి. ఒక్కటీ చదవలేదు. ఈ సంగతి ఆవిడకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

సాయంత్రం 7

కాగితం చిరిగేలా రాస్తున్నాను. కోపంతో. రాసుకుంటే తప్ప తగ్గదు.

మూడోది వంతెన చౌకీ. నది ఒడ్డున రెండు గదుల ఇల్లు. డెబ్బై ఏళ్ళ కిందట అక్కడ పాత వంతెన ఉండేది. వరదకు ఓ సాయంత్రం కూలిపోయింది. బండి మీద వెళ్తున్న నలుగురు చనిపోయారు. చౌకీలో కాపలాదారు ఉండేవాడు. నీళ్ళు పెరిగితే రెండు వైపులా గేట్లు వేసి జనాన్ని ఆపడం అతని పని. అతను రాసిన రిజిస్టరు అద్దాల పెట్టెలో తెరిచి ఉంది. వదినగారు లేబులు చదివింది. అంతకుముందు చిన్న వరదకే గేట్లు వేసి అందరి చేతా మాటలు పడ్డాడట. ఆ కోపంతో అసలు వరద రోజున డ్యూటీ వదిలి పారిపోయాడట. మళ్ళీ ఎవరికీ కనబడలేదట. తెరిచిన పేజీలో అతని రాతే సాక్ష్యం. బుధవారం. సాయంత్రం నాలుగు. ఇంటికి పోతున్నాను. తాళం మేకుకు తగిలించాను. అంతే. పక్క పేజీ ఖాళీ.

ఎంత బాధ్యత లేని మనిషి అంది వదినగారు.

నేను రాత చూడలేదు. చిల్లి చూశాను. పాత పుస్తకాల్లో పురుగు తొలుస్తుందిగా. దానికి పేజీ నంబర్లతో పని లేదు. అట్ట దగ్గర మొదలుపెట్టి అవతలి అట్ట దాకా తనదారిన తాను పోతుంది. కాబట్టి ఎడమ పేజీలో చిల్లి ఎక్కడుందో కుడి పేజీలోనూ అక్కడే ఉండాలి. ఇక్కడ ఎడమ పేజీలో చిల్లి కుట్టుకు దగ్గరగా ఉంది. కుడి పేజీలో రెండు వేళ్ళ ఎడంగా ఉంది. పురుగు ఎగిరి దూకదు. ఈ రెండు పేజీలూ ఒకప్పుడు పక్కపక్కన లేవు. మళ్ళీ కుట్టినప్పుడు ఎవరో ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, తారుమారు చేశారు.

ఎవడీ దరిద్రుడు అని పైకే అన్నాను. చేతులు పెట్టుకుని కుట్టాడా, కాళ్ళతో కుట్టాడా అన్నాను. కూలి తీసుకుని సిగ్గు లేకుండా ఇంటికి పోయి అన్నం తినుంటాడు అన్నాను. ఇంకా చాలా అన్నాను. వదినగారు నోరు తెరుచుకుని చూసింది. టికెట్లిచ్చే ఆవిడ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

మీరు అన్నది ఇంకోసారి చెప్పండి అంది ఆవిడ.

మార్చి 5, బుధవారం. మధ్యాహ్నం

వదినగారి లిస్టు నేనే చింపేశాను. పొద్దున్నే మళ్ళీ చౌకీకి.

టికెట్లావిడకు నలభై అయిదేళ్ళుంటాయి. టికెట్లివ్వడం, ఊడవడం, అద్దాలు తుడవడం, అన్నీ తనే. ఆ కాపలాదారు ఈవిడ తాతగారు. అమ్మ తండ్రి.

కథ మెల్లగా చెప్పింది. మ్యూజియం పెట్టింది ముప్పై మూడేళ్ళ కిందట. అంతకుముందు ఆయన్ని ఊళ్ళో అందరూ వరదలో పోయినవాడనే అనుకునేవారట. శవం దొరకలేదు, అంతే. తరవాత రిజిస్టరు బైండ్ చేయించి అద్దాల్లో పెట్టారు, ఓ చిన్న పుస్తకం అచ్చు వేశారు. ఈవిడ అప్పుడు ఏడో క్లాసు. ఒక్క నెలలో ఇంటి పేరు మారిపోయింది. పారిపోయినోళ్ళు. స్కూల్లో, కొళాయి దగ్గర, చివరికి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ నోట కూడా అదే. వాళ్ళమ్మ ఆ తరవాత ఈ వీధి మొహం చూడలేదు. ముప్పై మూడేళ్ళు. బజారుకు కూడా చుట్టూ తిరిగి వెళ్తుంది.

మరి నువ్వెందుకమ్మా ఇక్కడే చేరావు అని అడిగాను. ఆయన రాత ఉంది కదండీ, ఎవరో ఒకరు దుమ్ము దులపాలి కదా అంది.

వదినగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఇంకో సంగతి. వచ్చే ఆదివారం కొత్త వంతెన దగ్గర రాతి ఫలకం పెడుతున్నారు. కూలి డెబ్బై ఏళ్ళయిందని. లేబుల్లో ఉన్నదే రాయి మీద చెక్కుతారట. అట్టముక్కైతే రేపెప్పుడైనా మార్చుకోవచ్చు. రాయిని ఎవరు మారుస్తారు?

సాయంత్రం

మ్యూజియం చూసుకునే క్యూరేటర్ గారు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. అంతా విన్నాడు. కాదన్నాడు. పురుగు చిల్లిని పట్టుకుని చరిత్ర మార్చలేమండీ అన్నాడు. తేదీలున్నాయా అని వదినగారు అడిగింది. లేవట. కాపలాదారు వారం, వేళ మాత్రమే రాసేవాడు. తేదీ ముద్ర సోమవారం సోమవారం పై అధికారి వచ్చి వేసేవాడు. చౌకీలోకి నీళ్ళొచ్చినప్పుడు ముద్రలన్నీ కరిగి ఊదా మరకలయ్యాయి. మరి ఏ ఆధారంతో రాశారు ఆ చిన్న పుస్తకం అంది వదినగారు.

పేజీల వరుసే ఆధారం అన్నాడు. ఆ పుస్తకం రాసింది నేనే, అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, నా మొదటి పుస్తకం అన్నాడు.

అదీ సంగతి. ఇక ఊరుకుంటారనుకున్నాను. వదినగారు కుర్చీ ముందుకు జరుపుకుంది. రేపు పదింటికి పెట్టె తెరవండి, తప్పయితే మేం క్షమాపణ రాసిచ్చి వెళ్తాం, ఒప్పయితే మీరు రాయండి అంది. కాలేజీలో ఈవిడ క్లాసు ఎగ్గొట్టే ధైర్యం ఎవరికైనా ఉండేదా అని అనుమానం వచ్చింది.

మార్చి 6, గురువారం. రాత్రి భోజనం ముందు

గెలిచాం! వరసగా రాస్తాను, లేకపోతే కలగాపులగం అవుతుంది.

పదింటికి పెట్టె తెరిచారు. ముందు ఫారాలు లెక్కపెట్టాను. ఏడు కాగితాలు మధ్యకు మడిస్తే ఒక ఫారం, ఇరవై ఎనిమిది పేజీలు. రోజుకో పేజీ. అంటే ఫారానికి నాలుగు వారాలు. మొత్తం ఎనిమిది ఫారాలు, ఎనిమిదోది ఖాళీ. ప్రతి ఫారమూ గురువారంతో మొదలై బుధవారంతో ముగుస్తుంది. అన్నీ ఒకే అచ్చు. చదవకుండా కుట్టేవాడికి ఏది ముందో ఏది వెనకో తెలిసే దారి లేదు, చిల్లి చూసుకుంటే తప్ప. వాడు చూసుకోలేదు. ఇక్కడ మళ్ళీ కాసేపు వాణ్ణి తిట్టాను.

పల్చటి ట్రేసింగ్ కాగితం ఎనిమిది ముక్కలు కత్తిరించి, ఒక్కో ఫారం మీద పెట్టి చిల్లి ఉన్నచోట పెన్సిలు చుక్క పెట్టాను. ముక్కలు బల్ల మీద వరసగా పేర్చాను. ఒకటి, రెండు, మూడు చుక్కలు ఏటవాలుగా నడిచాయి. నాలుగోది ఎక్కడికో పోయింది. అయిదు, ఆరు మళ్ళీ దారికొచ్చాయి. ఏడోది తప్పింది. నాలుగునీ ఏడునీ అటుదిటు, ఇటుదటు మార్చాను. ఎనిమిది చుక్కలూ ఒక గీత మీదికి వచ్చి కూర్చున్నాయి.

క్యూరేటర్ గారు బల్ల మీదికి వంగి అలాగే ఉండిపోయాడు.

అప్పుడు వదినగారు అందుకుంది. ఇప్పుడు నాలుగో ఫారంగా ఉన్నదాని చివరి పేజీ పైకి చదివింది. క్యూరేటర్ గారు తన పుస్తకంలో చిన్న వరదగా రాసిన పేజీ ఇదే; గుర్తు అంటే వంతెన స్తంభం మీద నీటి మట్టం గీత. నా డైరీలో దించుకుంటున్నాను, ఒక్క ముక్క వదలకుండా.

బుధవారం. మధ్యాహ్నం రెండు. తొమ్మిదో గుర్తు. రెండు గేట్లు వేశాను. బస్సును వెనక్కి పంపాను. తిట్టారు. సాయంత్రం అయిదు. పదో గుర్తు. అటు గేటు ఎవరో తీశారు. బండి వస్తోంది. లాంతరు తీసుకుని మధ్యకు పోతున్నాను.

దాని పక్కన, తరవాతి ఫారం మొదటి పేజీ. గురువారం. ఉదయం ఆరు. వచ్చాను. అంతా క్షేమం. మూడో గుర్తు.

వదినగారు పుస్తకం మీదనుంచి తలెత్తింది. పుస్తకం మొత్తంలో నీళ్ళు రోజుకు ఒక గుర్తు కంటే ఎక్కువ దిగిన రోజు ఒక్కటి చూపించండి, ఇక్కడ ఒక్క రాత్రిలో పది నుంచి మూడుకు ఎలా దిగాయి, నదికి కింద బిరడా ఏమైనా ఉందా అంది. పాపం, క్యూరేటర్ గారు చెమటలు కక్కుతున్నాడు.

అసలు దెబ్బ టికెట్లావిడ కొట్టింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడింది. మెల్లగా వచ్చి, పిల్లను ఎత్తుకుని చౌకీకి అన్నం తీసుకెళ్ళేదట మా అమ్మమ్మ, ఎప్పుడూ ఒక మాట అనేది, తాత ఉద్యోగంలో చేరాక చౌకీ వదిలింది ఒకే ఒక్క పూట, మా అమ్మ పుట్టినరోజున అని చెప్పింది. జనన పత్రం తెచ్చాను అంది. ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టి తెచ్చింది.

వంతెన కూలిన తేదీ ఊరందరికీ తెలుసు. పుట్టిన తేదీ పత్రం మీద ఉంది. వదినగారు వేళ్ళ మీద లెక్కపెట్టింది. క్యూరేటర్ గారు క్యాలెండరు మీద లెక్కపెట్టాడు. ఎనభై నాలుగు రోజులు. సరైన వరసలో, ఇంటికి పోతున్నానన్న పేజీ నాలుగో ఫారం చివర, వరద పేజీ ఏడో ఫారం చివర; మధ్య మూడు ఫారాలు, పన్నెండు వారాలు. ఎనభై నాలుగు రోజులు. పత్రం మీద రోజు, బుధవారం.

పారిపోయిన మనిషి కూతుర్ని చూడ్డానికి వెళ్ళి తెల్లారేసరికి డ్యూటీకి వచ్చాడు. పన్నెండు వారాల తరవాత బస్సెడు జనాన్ని వెనక్కి పంపి, వెనక్కి పంపలేని బండి కోసం వంతెన మధ్యకు వెళ్ళాడు.

క్యూరేటర్ గారు కళ్ళజోడు తీసేశాడు. టికెట్లావిడ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఆవిడ ఏడవలేదు. ఫోన్ ఎక్కడ పెట్టానో అని వెతుక్కుంది, అది చేతిలోనే ఉంది.

రాయి చెక్కే ఆయనకు అప్పటికప్పుడు ఫోన్ చేశారు. పైన శీర్షిక మాత్రమే చెక్కాడట, పేర్లూ కాపలాదారు సంగతీ ఇంకా మొదలుపెట్టలేదట. ఫలకం వారం వాయిదా. పుస్తకం సరిగ్గా కుట్టించాలి, ఎవరికి పంపాలి అని క్యూరేటర్ గారు అన్నాడు. ఎక్కడికీ పంపక్కర్లేదు, నేనున్నాను అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా వీపు ఎంత నిటారుగా ఉందో నాకే తెలిసింది.

హోటల్‌కు నడిచి వస్తుంటే వదినగారు నా చెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటడానికనుకున్నాను. దాటాక కూడా వదల్లేదు.

మార్చి 7, శుక్రవారం. ఉదయం 11

నా నంబరు.

మధ్యాహ్నం 3

చేతులు కడుక్కున్నాను. మంచినీళ్ళు తాగాను. ఇప్పుడు రాస్తాను.

పొద్దున దబ్బనం, మైనం, దారం, జిగురు కొనుక్కుని చౌకీకి వెళ్ళాను. వెనక గదిలో బల్ల ఇచ్చారు. పాత అట్ట ఊడదీశాను. పుస్తకం వీపు మీద, కుట్టు ఉన్న వైపు, అంటించిన చిత్తుకాగితం తడిపి మెల్లగా లేపాను. ముడులు కనబడ్డాయి. ఎడమ వైపుకు తిరిగి ఉన్నాయి. ఎడమ చేతివాటం బైండరు అనుకున్నాను. నాలాగే అనుకున్నాను. కాగితం తిరగేశాను. మా షాపులో ఎవరు కుట్టిన పుస్తకానికి వాళ్ళు లోపల పెన్సిలుతో తమ నంబరు వెయ్యాలి. 17 అని ఉంది. ఏడు మీద అడ్డగీత. నేను ఏడు అలాగే రాస్తాను.

చుట్టుపక్కల ఊళ్ళ రిజిస్టర్లన్నీ మా షాపుకే వచ్చేవి. ముప్పై మూడేళ్ళ కిందట నాకు ఇరవై ఎనిమిది. ఈ పుస్తకం గుర్తు చేసుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. గుర్తుంటే కాస్త నయంగా ఉండేది. ఏదో ఒక పూట, ఏదో ఒక కట్ట. ఫారాలు పేర్చాను, కుట్టాను, పక్కన పెట్టాను. మేస్త్రి చెప్పినట్టే చదవలేదు. ఇంటికి పోయి అన్నం తిన్నాను.

మంగళవారం నుంచి నేను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే వచ్చి నా పక్కన కూర్చున్నాయి.

సాయంత్రం

వదినగారికి చెప్పాను. ఆ కాగితం చూపించాను. చాలాసేపు చూసింది. ఎవరికీ చెప్పనక్కర్లేదు వదినగారూ, సరిచేస్తున్నారుగా, చాలు అంది. షాపులో ఎందరు పనిచేసేవారు, ఎవరు అడగబోతారు అంది. నేను ముప్పయ్యేళ్ళు పిల్లలకు ఎన్ని తప్పులు చెప్పి ఉంటానో, నా తప్పుల మీద నంబరు లేదు కాబట్టి బతికిపోయాను అంది.

ఆ మాటకు నవ్వొచ్చింది. నవ్వుతూంటే ఏడుపొచ్చింది. ఆవిడ లేచి కిటికీ వేసింది, రోడ్డు మీదికి వినబడకుండా.

నేను ఒక్క పుస్తకమూ చదవలేదని కూడా చెప్పేశాను. ఎలాగూ అంతా బయటపడిందిగా. ఆవిడ ఆశ్చర్యపోలేదు. తెలుసు అంది. పిల్లల పెళ్ళినాటి నుంచీ, ఆరేళ్ళుగా తెలుసట.

మార్చి 8, శనివారం. ఉదయం 6

చెప్తాను. రాయి మీద తప్పు ఎక్కకుండా ఆపినదాన్ని, నా తప్పు కాగితం కింద దాచితే ఎలా?

సాయంత్రం 8

ఇంత పెద్ద రోజు నా పెళ్ళిరోజు కూడా కాదు.

టికెట్లావిడ ఇల్లు రెండు గదులు. వాళ్ళమ్మగారు తలుపు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళు, చేత్తో కొలిచేంత మనిషి, గొంతు మాత్రం లౌడ్‌స్పీకరు. నన్ను చూడగానే లేచి చేతులు పట్టుకోబోయింది. ఆగండమ్మా, ముందు వినండి అన్నాను. కాగితం ఇచ్చాను. ఈ పదిహేడు నేనే అన్నాను. తారుమారు చేసింది నేనే అన్నాను.

కూతురు అమ్మ వైపు చూసింది. అమ్మ కాగితం వైపు చూసింది.

అప్పుడు నీకెన్నేళ్ళు అంది. ఇరవై ఎనిమిది అన్నాను. పిల్లలా అంది. రెండు నెలల కొడుకు అన్నాను. నా చేతులు తిప్పి చూసింది, కూరగాయలు చూసినట్టు. తరవాత మొదలుపెట్టింది.

పది నిమిషాలు తిట్టింది. చెవుల తుప్పు వదిలిపోయింది. నేను ఆ తెలియని బైండర్ని తిట్టినవన్నీ దీని ముందు దీవెనలు. ముప్పై మూడేళ్ళు ఏ వీధిలోంచి ఏ వీధికి చుట్టూ తిరిగిందో పేరు పేరునా చెప్పి తిట్టింది. కూతురి పెళ్ళి ఎన్నిసార్లు తప్పిపోయిందో చెప్పి తిట్టింది. తల వంచుకుని విన్నాను. వదినగారు మధ్యలో ఏదో అనబోతే ఆవిణ్ణీ ఒక మాట అంది. అంత చదువుకున్నావిడ కిక్కురుమనలేదు.

అలిసిపోయి ఆగింది. మంచినీళ్ళు తాగింది. నాకూ గ్లాసు నింపి ఇచ్చింది. ఎవరూ చెప్పమనకుండా వచ్చి చెప్పావు, మా నాన్న కూడా అలాంటివాడే అయ్యుంటాడు అంది. ఇప్పుడైనా సరిగ్గా కుడతావా అంది. కుడతాను అన్నాను. పద, నేను దగ్గర కూర్చుని చూస్తాను అంది.

చెప్పులు వేసుకుంది. చుట్టు దారి కాదు. తిన్నగా చౌకీ వీధిలోంచి నడిచింది. కొట్లవాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఆవిడ ఎవర్నీ చూడలేదు. చూసినవాళ్ళందర్నీ నేను చూశాను.

బల్ల ముందు కూర్చున్నాం. ఫారాలు సరైన వరసలో పేర్చాను. చీపురు పుల్ల విరిచి మొదటి ఫారం చిల్లిలో పెట్టాను. ఎనిమిదో ఫారం అవతల తేలింది. క్యూరేటర్ గారు చప్పట్లు కొట్టాడు. మనిషి పసిపిల్లాడైపోయాడు.

నేను కుడుతుంటే పెద్దావిడ చదివింది. ఒక్కో ఫారం కుట్టే ముందు అందులో ఉన్నదంతా పైకి చదివి ఇచ్చింది. నీళ్ళు, గాలి, వెళ్ళిన బళ్ళు, మేకు ఊడిన గేటు. చదివితే చెయ్యి ఆగుతుందని మేస్త్రి అన్నది నిజమే. ఆగింది. చాలాసార్లు ఆగింది. ఏం మునిగిపోలేదు. నేను కుట్టిన పుస్తకంలో ఏముందో నేను వినడం ఇదే మొదటిసారి.

ఆరో ఫారం మధ్యలో ఆవిడ గొంతు తగ్గింది. శుక్రవారం. నాలుగో గుర్తు. పిల్ల నవ్వింది.

ఆ పిల్ల ఎవరో దారిన పోయే పిల్ల అనుకున్నానండీ అన్నాడు క్యూరేటర్ గారు. నేనేరా అంది పెద్దావిడ. డెబ్బై ఏళ్ళ మనిషి. నేనే, నేనే అని మూడుసార్లు అంది.

చివరి ముడి వేశాను. ఈసారి కూడా ఎడమవైపుకే తిరిగింది. వీపుకు కొత్త కాగితం అంటించి, లోపల 17 వేసి, కింద నా పూర్తి పేరు రాశాను.

మార్చి 9, ఆదివారం. రైల్లో

టీ అమ్మే ఆయనతో సహా కంపార్ట్‌మెంట్ అంతటికీ చెప్పింది వదినగారు. మా వదినగారు హిస్టరీని విప్పి మళ్ళీ కుట్టింది తెలుసా అని. నేను తలుచుకున్నా ఇంత గట్టిగా చెప్పలేను. కోడలు ఫోన్ చేస్తే, గదిలో మంచాలు బాగున్నాయి, వచ్చే ఏడు కూడా ఇద్దరికీ కలిపే బుక్ చెయ్యి అంది. నన్ను అడగలేదు. అడిగినా అదే చెప్పేదాన్ని.

మార్చి 16, ఆదివారం. మధ్యాహ్నం

టికెట్లావిడ ఫోన్. ఫలకం పెట్టారట. పేర్లలో తాతగారిదే మొదటిదట. గుడ్డ తీయగానే వాళ్ళమ్మగారు ఎవరికీ చెప్పకుండా కొత్త వంతెన మీదికి నడిచి వెళ్ళిందట. సరిగ్గా మధ్యలో, రోడ్డుకు అడ్డంగా, రెండు చేతులూ చాచి నిలబడిందట. ఇటు రెండు బస్సులు, అటు లారీలు, కార్లు, సైకిళ్ళు. పావుగంట ఊరంతా ఆగిపోయిందట.

ఒక్కరూ హారన్ కొట్టలేదట.